ర్యాంకు వాళ్లది, ఫీజు మీది

ఫలితాలు వచ్చిన మర్నాడు చిలకలగూడ చౌరస్తాలో ఎండ పొడ తగలదు. చెట్లు పెరిగి కాదు, ఫ్లెక్సీలు లేచి. వారాసిగూడ మలుపులో ఒకటి, సీతాఫల్‌మండి వెళ్లే దారిలో రెండు, పద్మారావునగర్ వైపు కరెంటు స్తంభానికి వేలాడుతూ ఇంకొకటి. టై కట్టుకున్న పిల్లల మొహాలు వరసగా. ఒక్కో మొహం కింద ఒక్కో మార్కు. అందరికంటే పైన, అందరికంటే పెద్దగా, చైర్మన్ గారు. పదో తరగతి పరీక్ష తానే రాసినంత ధీమాగా నవ్వుతుంటారు.

ఆ మొహాలు లెక్కపెట్టండి. ముప్పై ఉంటాయా? నలభై? మరి ఆ బడి నుంచి పరీక్ష రాసిందెంతమంది? ఆ అంకె ఫ్లెక్సీ మీద ఏ మూలనుంది? ఉండదు. మిగతావాళ్లను అచ్చువేయడానికి రంగు చాలలేదు పాపం. వాళ్ల నాన్నల దగ్గర ఫీజు వసూలు చేయడానికి మాత్రం రసీదు పుస్తకాలు ఎన్నడూ తక్కువ పడలేదు.

ఆ మిగతావాళ్లు ఎక్కడున్నారు? పై అంతస్తులో, రేకుల షెడ్డు పక్కన, చివరి సెక్షన్లో.

ఈ సెక్షన్ల కథ జూన్‌లో మొదలవుతుంది. అడ్మిషన్ అప్పుడు పరీక్ష పెట్టకూడదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ఆ పని ఒద్దంది. మనవాళ్లు చట్టానికి ఎంత కట్టుబడి ఉంటారంటే, ముందు ఫీజు కట్టించుకుని అడ్మిషన్ ఇచ్చేసి, ఆ తర్వాత వారానికి పరీక్ష పెడతారు. ‘‘ఏం లేదు సార్, బాబు లెవెల్ తెలుసుకుందామని’’ అంటుంది ఇన్‌చార్జి మేడం. లెవెల్ తెలుస్తుంది. బాబుకి కూడా తెలుస్తుంది. పన్నెండేళ్ల పిల్లాడికి తను ఈ లోకంలో ఎన్నో నంబరు సరుకో గోడ మీద కాగితం అంటించి మరీ చెబుతారు.

ఒకప్పుడు ఏ, బీ, సీ అని పెట్టేవారు. సీ అంటే ఏమిటో చదువురాని తల్లికీ అర్థమైపోయేది. అడ్మిషన్లు దెబ్బతిన్నాయి. అందుకని పేర్లు మార్చారు. స్టార్ బ్యాచ్, సూపర్ బ్యాచ్, ఎలైట్ బ్యాచ్. చివరి సెక్షన్ పేరయితే మరీ ముచ్చటగా ఉంటుంది. సూత్రం ఒక్కటే గుర్తుపెట్టుకోండి: పేరు ఎంత ముద్దుగా ఉంటే సెక్షన్ అంత వెనక. బడికే ‘టెక్నో’, ‘కాన్సెప్ట్’, ‘ఒలింపియాడ్’ అని తోకలు తగిలించొద్దని విద్యాశాఖ అధికారులు సర్క్యులర్లు పంపారు. తోకలు అలాగే ఉన్నాయి. సర్క్యులర్లు ఎక్కడున్నాయో అధికారులనే అడగాలి.

చిలకలగూడ జనానికి ఈ తరగతుల విద్య కొత్త కాదు. పక్కనే సికింద్రాబాద్ స్టేషను. రైలుబండిలో ఏసీ పెట్టె ఉంటుంది, స్లీపరు ఉంటుంది, జనరల్ ఉంటుంది. ఎవరి టికెట్టును బట్టి వారి సీటు. అన్యాయమే కావచ్చు, కానీ లెక్క నిజాయితీగా ఉంటుంది. జనరల్ పెట్టెలో నిలబడ్డవాడి దగ్గర ఏసీ టికెట్టు డబ్బులు గుంజరు. బడిలో గుంజుతారు. మొదటి సెక్షన్ పిల్లాడి ఫీజెంతో చివరి సెక్షన్ పిల్లాడి ఫీజూ అంతే. చాలాచోట్ల మొదటివాడికి ‘మెరిట్ రాయితీ’ కూడా ఉంటుంది కాబట్టి చివరివాడిదే ఎక్కువ. రైల్వే 1974లోనే థర్డ్ క్లాసు తీసేసింది. మన చైర్మన్ గార్లు దాన్ని సగౌరవంగా బడిలోకి తెచ్చుకుని, ఫస్ట్ క్లాసు రేటుకు అమ్ముతున్నారు.

ఆ డబ్బు ఎటు పోతుంది? 1994లో వచ్చిన జీవో నంబరు 1 ఇంకా బతికే ఉంది. ఫీజుల రాబడిలో సగం టీచర్ల జీతాలకే ఖర్చు పెట్టాలంది. యాజమాన్యానికి మిగలాల్సింది 5 శాతం అంది. చదివి నవ్వకండి, అది ప్రభుత్వ ఉత్తర్వు. మరి చివరి సెక్షన్ పిల్లలు కట్టిన ఫీజులో సగం ఆ సెక్షన్ గుమ్మం దాటి లోపలికి వెళ్లిందా? మొదటి సెక్షన్‌కు లెక్కలు చెప్పేది ఇరవయ్యేళ్ల అనుభవమున్న సీనియర్ సారు. ఆయన్ను పక్క సంస్థవాడు ఎగరేసుకుపోకుండా జీతం పెంచి పెంచి కాపాడుకుంటారు. చివరి సెక్షన్‌కు చెప్పేది నిరుడు డిగ్రీ పాసైన కుర్రాడు. దసరాకు ముందు వాడు మానేస్తాడు. దసరా తర్వాత ఇంకో కుర్రాడు వస్తాడు. సంక్రాంతికి అతనూ పోటీ పరీక్షలకు చదువుకోవాలని వెళ్లిపోతాడు. మార్చిలో పరీక్ష.

ఎవరికి మంచి మాస్టారు ఎక్కువ అవసరం? లెక్క చూడగానే జవాబు చెప్పేవాడికా, భిన్నాల దగ్గరే కాళ్లు తడబడేవాడికా? ఆసుపత్రిలో అయితే ఈ ప్రశ్న అడిగేపనే లేదు. బడిలో అడిగితే ‘‘మీకు ఎడ్యుకేషన్ సిస్టమ్ తెలీదు సార్’’ అంటారు.

‘‘సెక్షన్ పర్మనెంట్ కాదు సార్, ప్రతి నెలా షఫ్లింగ్ ఉంటుంది, బాగా చదివితే పైకి వెళ్లిపోతాడు’’ అని ఇంకో మాట. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. ఈ న్యాయం లోపల మర ఎలా తిరుగుతుందో కాస్త దగ్గరికొచ్చి చూద్దాం. మొదటి సెక్షన్‌కు సిలబస్ డిసెంబరుకే అయిపోతుంది. పైన ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం. చివరి సెక్షన్‌కు పాఠం మెల్లగా నడుస్తుంది. కొన్ని అధ్యాయాలను ‘మీకు ఇవి అక్కర్లేదు’ అని దాటేస్తారు. ముఖ్యమైన ప్రశ్నలు నాలుగు బట్టీ పట్టిస్తారు. వీకెండ్ టెస్టు మాత్రం అందరికీ ఒకటే. చెప్పని పాఠంలోంచి ప్రశ్న వస్తుంది. చివరి సెక్షన్ పిల్లాడు తెల్లకాగితం ఇస్తాడు. ర్యాంకు షీటులో అట్టడుగున పడతాడు. ‘‘చూశారా, మేం అప్పుడే చెప్పాం, వీడు ఆ సెక్షనే’’ అంటారు. అంతే సంగతులు. నిచ్చెన వేశామని చెబుతారు. మెట్లు పీకి పక్కన పెట్టుకున్నామని చెప్పరు.

ఆటో నడిపే నాయన ఒకాయన పేరెంట్ మీటింగ్‌లో చేతులు కట్టుకుని అడుగుతాడు: ‘‘మేడం, మావోడు పై సెక్షన్లకు ఎప్పుడొస్తడు?’’

‘‘కొంచెం హార్డ్‌వర్క్ చెయ్యమనండి సార్. ఇంట్లో టీవీ ఎక్కువ చూస్తున్నట్టున్నాడు.’’

‘‘టీవీ ఖరాబై ఆర్నెల్లాయె మేడం.’’

మేడం దగ్గరున్న పాఠాల మైక్రో షెడ్యూల్లో దానికి జవాబు లేదు. తర్వాతి పేరెంట్‌ను పిలుస్తుంది. మేడంను తిట్టి లాభం లేదు, ఆమె జీతం కూడా చివరి సెక్షన్ జీతమే.

మరి విడదీయడమే పాపమా? కాదు. ఇక్కడ కాస్త నిదానించాలి. తెలివైనవాడు విసుగెత్తి ఆవలిస్తుంటే, వెనకబడ్డవాడు భయంతో బిక్కచచ్చి ఉంటే, మధ్యలో మాస్టారు ఎవరి వేగంతో నడవాలి? యాభైమంది పిల్లలున్న గదిలో బోర్డు ముందు నిలబడ్డ ఎవరికైనా ఈ తిప్పలు తెలుసు. సెమినార్ హాల్లో ఏసీ కింద కూర్చుని ‘అందరినీ కలిపే కూర్చోబెట్టాలి, అదే సమానత్వం’ అని చప్పట్లు కొట్టించుకునే మేధావులకు తెలియదు. వాళ్లబ్బాయి స్టార్ బ్యాచ్‌లో ఉంటాడు మరి.

కెన్యాలో ఈ తగాదాను మాటలతో తేల్చుకోలేదు. పశ్చిమ కెన్యాలో 121 ప్రాథమిక బడులు తీసుకున్నారు. ఒకటో తరగతిని ప్రతి బడిలో రెండు సెక్షన్లు చేసి, అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. 61 బడుల్లో పిల్లల్ని కలగాపులగంగా పంచారు. 60 బడుల్లో మార్కులను బట్టి పై సగం, కింద సగం అని విడదీశారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే విడదీసిన బడుల్లోనే పిల్లలు బాగా నేర్చుకున్నారు. పై సగం మాత్రమే కాదు, కింద సగం కూడా. ఎస్తేర్ డఫ్లో, పాస్కలిన్ డ్యూపాస్, మైకేల్ క్రెమర్ 2011లో ఈ ఫలితాలు అచ్చువేశారు. వీరిలో ఇద్దరికి 2019లో నోబెల్ కూడా వచ్చింది.

చైర్మన్ గారూ, ఆగండి. అప్పుడే ఈ పేరా కత్తిరించి బ్రోచర్లో వేసుకోకండి. అసలు కిటుకు ఇంకా చెప్పలేదు. ఆ బడుల్లో ఏ టీచరు ఏ సెక్షన్‌కు వెళ్లాలో చీటీలు తీసినట్టు నిర్ణయించారు. హెడ్మాస్టరు ఇష్టం కాదు. మంచి మాస్టారు పైవాళ్లకు, మిగిలినాయన కిందివాళ్లకు అనే ముచ్చటే లేదు. కింద సెక్షన్ టీచరు ఆ పిల్లల స్థాయికి దిగి, అక్కడి నుంచి మొదలుపెట్టాడు. వాళ్లు ఒకటో తరగతి పసివాళ్లు, మనవాళ్లు పదో తరగతి. తేడా ఉంది. అయినా ఒక్క చిన్న కోరిక. చిలకలగూడలో ఈ జూన్‌లో చీటీలు వేద్దామా? సీనియర్ సారు పేరు ఒక చీటీలో, కొత్త కుర్రాడి పేరు ఇంకో చీటీలో. స్టార్ బ్యాచ్ తల్లిదండ్రుల ముందే డబ్బా ఊపి తీద్దాం. సీనియర్ సారు చివరి సెక్షన్‌కు పడ్డారనుకోండి. సాయంత్రానికి బడి గేటు ఉంటుందా?

అమెరికాలో 1968లో రాబర్ట్ రోసెంథాల్, లెనోర్ జాకబ్సన్ ఇంకో చిలిపి పని బయటపెట్టారు. ఒక బడిలో టీచర్లకు కొందరు పిల్లల పేర్లిచ్చి, ఈ ఏడాది వీళ్లు బాగా వికసిస్తారని పరీక్షలో తేలింది అని చెప్పారు. తేలిందేమీ లేదు. పేర్లు గుడ్డిగా ఏరినవే. ఏడాది చివర చూస్తే ఒకటి, రెండు తరగతుల్లో ఆ పేర్లున్న పిల్లలు నిజంగానే మిగతావాళ్లకన్నా ముందుకెళ్లారు. ఈ ప్రయోగం మీద తర్వాత పండితులు చాలా కొట్టుకున్నారు, ఇంకా కొట్టుకుంటున్నారు. మనకు ఆ గొడవ ఎందుకు? ‘వీడు రాడు’ అని గోడ మీద అంటించిన కాగితాన్ని రోజూ చూసే టీచరు, ఆ పిల్లాడు చెయ్యెత్తినప్పుడు వాడివైపు చూస్తుందా లేదా? చిలకలగూడలో ఏ వెనక బెంచీవాణ్ని అడిగినా చెబుతాడు.

ఫిన్లండ్ 1985లో సమగ్ర పాఠశాలల్లో ఈ విడదీతను ఎత్తేసింది. మనవాళ్లు ఫిన్లండ్ పోలేదా? పోయొచ్చారు. ‘ఫిన్లండ్ తరహా విద్య’ అని బ్రోచర్లో ఒక పేజీ పెరిగింది. సెక్షన్లు ఒక్కటీ తగ్గలేదు.

ప్రైవేటోళ్లను అంటున్నాం, సర్కారు తక్కువ తిన్నదా? సర్కారు బడిలో అందరినీ కలిపి కూర్చోబెట్టడం సిద్ధాంతం కాదు, గదుల్లేక. పదో తరగతి దగ్గరికొచ్చేసరికి అక్కడా ఏ, బీ, సీ గ్రేడులు పుట్టుకొస్తాయి. సీ గ్రేడు పిల్లల్ని టీచర్లు దత్తత తీసుకోవాలని పైనుంచి ఆదేశాలు. అయ్యా, ఎనిమిదేళ్లు ఎవరూ పట్టించుకోని పిల్లాడిని జనవరిలో దత్తత తీసుకుని మార్చిలో పెళ్లి చేయమంటే ఎలా? ఆ టీచరు ఎన్నికల డ్యూటీ నుంచి, సర్వే నుంచి అప్పుడే తిరిగొచ్చాడు.

అంతకన్నా పెద్ద జల్లెడ సర్కారు చేతిలోనే ఉంది. నవోదయలో ఆరో తరగతికి బడికి 80 సీట్లు, పరీక్ష రాసి గెలుచుకోవాలి. గురుకులాల్లో సీటుకు పరీక్ష. గురుకులాల్లో మళ్లీ ‘సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్’కు ఇంకో పరీక్ష. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టినప్పుడు పల్లెటూరి పేద పిల్లాడికి తలుపు తెరవాలన్నది ఉద్దేశం. తెరిచింది కూడా, కాదనను. కానీ ఊరి బడిలోంచి బాగా చదివే నలుగురినీ ఏరుకుని బస్సెక్కిస్తే, ఆ ఊళ్లో మిగిలిన బడి మొత్తం సీ సెక్షనే కదా? ఆ బడికి ఎవరు చైర్మన్? ఎవరి ఫ్లెక్సీ? ప్రైవేటు బడుల్లో పేదపిల్లలకు 25 శాతం సీట్లివ్వాలని అదే 2009 చట్టం చెప్పింది. తెలంగాణ ఏళ్ల తరబడి దాన్ని అటకెక్కించింది. ఈ ఒక్క విషయంలో పార్టీల మధ్య పేచీ కనిపించలేదు.

జల్లెడ మోజు మన నగరానికి పాతదే. చుక్కా రామయ్య గారు నల్లకుంటలో ఐఐటీ పాఠాలు చెప్పే రోజుల్లో ఆయన దగ్గర సీటు రావడానికి వేరే కోచింగులుండేవి. కోచింగ్‌కు కోచింగ్! రామయ్య గారు తర్వాత కార్పొరేట్ చదువుల మీద ఎన్నో వ్యాసాలు రాశారు. విన్నవాళ్లెవరు? ఆయన పాఠాల్లో పట్టుదలను మనవాళ్లు వదిలేసి, గేటు దగ్గర పెట్టిన పరీక్షను మాత్రం పట్టుకుని వ్యాపారం చేసుకున్నారు. ఇప్పుడది ఆరో తరగతికి దిగింది.

అయితే ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చున్నాయా? ఛఛ. 2001లో ఉమ్మడి రాష్ట్రంలో జూనియర్ కాలేజీల్లో పిల్లలు రాలిపోతుంటే నీరదారెడ్డి కమిటీ వేశారు. నివేదిక వచ్చింది. బీరువా తలుపు మూసుకుంది. 2012లో పదో తరగతిలో మార్కులు తీసేసి గ్రేడులు పెట్టారు, పోటీ తగ్గాలని. చౌరస్తాలో ఫ్లెక్సీ తగ్గిందా? మార్కు పోయి 10/10 వచ్చింది, అంతే. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదో తరగతి ర్యాంకులు ప్రకటనల్లో వేసుకుంటే జైలుశిక్షేనని హెచ్చరించింది. ఆ నేరం మీద జైల్లో ఊచలు లెక్కపెట్టిన చైర్మన్‌ను మీరెవరైనా చూశారా? తెలంగాణలో 2025 నుంచి మెమోల మీదకు మార్కులు మళ్లీ వచ్చేశాయి. ఫ్లెక్సీ ప్రింటర్లకు పండగే పండగ.

2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలిచ్చింది. 16 ఏళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోవద్దంది. మనవాళ్లు కంగారు పడ్డారా? ఎందుకు పడతారు? కోచింగ్ ఎప్పుడో బడిలోకే కాపురానికొచ్చింది. పొద్దున బడి, మధ్యాహ్నం ఫౌండేషన్, సాయంత్రం స్టడీ అవర్. బోర్డు మీద ‘స్కూల్’ అని ఉంటే చాలు, పదేళ్లవాడికీ ర్యాంకు వేయొచ్చు.

ఆఖరికి సుప్రీంకోర్టు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ తండ్రి పోరాడి పోరాడి ఢిల్లీ దాకా వెళ్లాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా తీర్పు చెప్పారు. దర్యాప్తు సీబీఐకి అప్పగించి, దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలిచ్చారు. పార్లమెంటో శాసనసభో చట్టం చేసేదాకా ఇవే చట్టమన్నారు. వాటిలో ఒకటి: విద్యాసంస్థలు, ముఖ్యంగా కోచింగ్ సెంటర్లు, మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయకూడదు. నలుగురిలో సిగ్గుపరచకూడదు. తాహతుకు మించిన లక్ష్యాలు నెత్తిన పెట్టకూడదు. వందమంది పిల్లలున్న చోట కనీసం ఒక అర్హతున్న కౌన్సెలర్ ఉండాలి.

ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకేం కావాలి? కావాల్సింది మనవాళ్లకు అందులోనే దొరికింది. విడదీయొద్దు అన్న మాటకు ముందు ఆ తీర్పులో రెండు మాటలున్నాయి: ‘వీలైనంత వరకు’. అబ్బ, ఏం మాటలండీ అవి! కోర్టువారు మర్యాదకన్నారు. యాజమాన్యాలు మంత్రంలా పట్టుకున్నాయి. విడదీయకుండా ఉండటానికి వీలవుతుందా? ఎలా వీలవుతుంది? సీనియర్ సారు ఒక్కరే ఉన్నారు, ఫ్లెక్సీ ఒక్కటే ఉంది, చౌరస్తా ఒక్కటే ఉంది. కౌన్సెలర్ సంగతా? పీఈటీ సారుకి ఇంకో కుర్చీ వేశారు. ఆయన చేతిలో విజిల్ అలాగే ఉంది.

ఇక మన దగ్గరికొద్దాం. అవును, మీరూ, నేనూ. సెక్షన్ల మీద ఇంత కోపముంది కదా మనకు, ఎప్పుడొస్తుంది ఆ కోపం? మన పిల్ల చివరి సెక్షన్లో పడ్డప్పుడు. పడనన్నాళ్లూ? అపార్ట్‌మెంట్ లిఫ్టులో ‘‘మా పాప స్టార్ బ్యాచ్ అండీ’’ అని అడక్కుండానే చెబుతాం. పెళ్లి భోజనాల దగ్గర చెబుతాం. బోనాలకు ఇంటికొచ్చిన మేనత్తకు, ఆమె కొడుకు చివరి సెక్షన్లో ఉన్నాడని తెలిసీ, వాడి ముందే చెబుతాం. తరగతిని ముక్కలు చేయడం మీద మనకు అభ్యంతరం ఎన్నడూ లేదు. మన ముక్క చిన్నదయిందనే ఏడుపు. చైర్మన్ గారికి ఇది బాగా తెలుసు. అందుకే ఆయన నవ్వు ఫ్లెక్సీ మీద అంత పెద్దగా ఉంటుంది.

ఆ విద్యాహక్కు చట్టంలోనే 17వ సెక్షన్ ఒకటుంది. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ కూడదంది. ఎనిమిదో తరగతి పిల్లాడి పేరు పక్కన క్లాసులో ఆఖరి ర్యాంకు వేసి, ఆ కాగితం ఫొటోను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఏ పద్దు కిందికొస్తుంది? వేధింపా, ‘పేరెంట్ ఎంగేజ్‌మెంటా’? ఆ గ్రూపులో మనం బొటనవేలు గుర్తు పెట్టామా, లేదా?

ఈసారి పేరెంట్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మీ పిల్లాడి ర్యాంకు అడక్కండి. చివరి సెక్షన్‌కు లెక్కలు చెప్పేదెవరు, ఆయన అనుభవమెంత, ఈ ఏడాదిలో ఎంతమంది మాస్టార్లు మారారు అని అడగండి. నిరుడు చివరి సెక్షన్ నుంచి పైకి వెళ్లిన పిల్లలెందరో చెప్పమనండి. మీ పిల్ల స్టార్ బ్యాచ్‌లో ఉంటే మరీ గట్టిగా అడగండి, అప్పుడే వాళ్లు వింటారు. జులై 25 తీర్పు ప్రతి ఒకటి జేబులో పెట్టుకెళ్లండి. నోటిమాట ఒప్పుకోకండి. జవాబు బడి లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం చేసి, స్టాంపు వేసి ఇవ్వమనండి.